పుదుచ్చేరి పాత ఇళ్ల రంగు టైల్స్ నేలలు: శుభ్రత, పునరుద్ధరణ

విక్టోరియన్ నేల అనగానే ఎర్రవీ నల్లవీ పసుపువీ చిన్న చిన్న ముక్కలు చుక్కల ముగ్గులా అమరిన గచ్చో, ఒక్కో పలకలో ఒక పువ్వు పొదిగిన చర్చి నేలో గుర్తొస్తుంది. విక్టోరియా రాణి ఏలిన 1837-1901 మధ్య ఇంగ్లండులో ఇంటి గుమ్మం నుంచి పార్లమెంటు దాకా ఇవే పరిచారు. పుదుచ్చేరి పట్నాన్ని ఆ రాణి ఏలలేదు. 1816 నుంచి 1954 దాకా అక్కడ ఎగిరింది ఫ్రెంచి జెండా. అయినా అక్కడి పాత ఇళ్లలో కాళ్ల కింద కనిపించే రంగుల నేలలు ఆ కాలపు పరిశ్రమ పెట్టిన భిక్షే. ఇంగ్లండు మట్టిని కాల్చి చేసిన పనిని ఫ్రాన్సు ఎక్కువగా సిమెంటుతో చేసింది, తమిళనాడులోని చెట్టినాడు పల్లెలు ఆ సిమెంటు విద్యను చేతిపనిగా మార్చుకున్నాయి.

ఈ నేలలు గట్టివి. మూడు తరాల నడకను, కుర్చీల రాపిడిని, పిల్లల ఆటలను తట్టుకున్నాయి. ఇంటివాళ్ల శుభ్రత పిచ్చికి మాత్రం తట్టుకోలేవు. వందేళ్ల పాదాలు చెయ్యలేని నష్టం ఒక్క యాసిడ్ సీసా ఒక పూటలో చేసేస్తుంది. అందుకే వీటి పునరుద్ధరణలో సగం విద్య ఏం చెయ్యకూడదో తెలుసుకోవడంలోనే ఉంది.

కాల్చిన మట్టి

మధ్యయుగాల యూరపు మఠాల్లో రెండు రంగుల మట్టితో పలకలు చేసేవారు. ఎర్రమట్టి పలక పచ్చిగా ఉండగానే అచ్చు నొక్కి, గుంట పడిన మేర తెల్లమట్టి నింపి, ఆవంలో కాల్చేవారు. తర్వాత శతాబ్దాల్లో ఆ విద్య మరుగున పడిపోయింది. 1830లో శామ్యూల్ రైట్ అనే ఇంగ్లీషు కుమ్మరి దాన్ని కొత్తగా పట్టుకుని పేటెంటు తీసుకున్నాడు. స్టోక్-ఆన్-ట్రెంట్‌లో హెర్బర్ట్ మింటన్ ఆ పద్ధతిని తన కార్ఖానాలోకి తెచ్చి ఏళ్ల తరబడి తంటాలు పడ్డాడు. ఎర్రమట్టీ తెల్లమట్టీ ఆవంలో ఒకే మోతాదులో కుంచించుకుపోవాలి, లేకపోతే పువ్వు ఊడి చేతిలోకి వస్తుంది. 1840లో రిచర్డ్ ప్రాసర్ అనే ఆయన పొడి మట్టిని ప్రెస్సులో నొక్కే పేటెంటు తీసుకున్నాడు. బొత్తాలు చేయడానికి పుట్టిన ఆ ఉపాయాన్ని మింటన్ టైల్స్‌కు మళ్లించాడు. ఆపైన త్రికోణాలు, అష్టకోణాలు, చిన్న చతురస్రాలు కచ్చితమైన కొలతల్లో గుట్టలుగా వచ్చిపడ్డాయి.

ఈ టైల్స్‌లో బొమ్మ పైన పూసిన రంగు కాదు, సుమారు మూడు మిల్లీమీటర్ల లోతున పొదిగిన వేరే మట్టి. అందుకే పైన అరిగినా బొమ్మ మిగులుతుంది. లండన్ వెస్ట్‌మినిస్టర్ ప్యాలెస్‌లో అగస్టస్ ప్యూజిన్ గీసిన నమూనాలను మింటన్ కార్ఖానా ఇలాగే పోసింది. ముంబయి కొలాబాలో 1858లో ప్రతిష్ఠ జరిగిన ఆఫ్ఘన్ చర్చిలో, ముంబయి విశ్వవిద్యాలయం కాన్వొకేషన్ హాలులో ఇప్పటికీ మింటన్ టైల్స్ ఉన్నాయి. లివర్‌పూల్‌లోని సెయింట్ జార్జెస్ హాలులో దాదాపు 30,000 టైల్స్ నేల ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలోనే దాని మీద చెక్క పలకలు కప్పేశారు, ఎప్పుడో ఒకసారి తీసి జనానికి చూపిస్తారు. ఆ రంగులు నిన్న పరిచినట్టున్నాయంటే అదొక వింతేమీ కాదు. కడిగేవాళ్ల చేతికి అది చిక్కలేదు, అంతే.

ఫ్రాన్సులోనూ కాల్చిన టైల్స్ చేశారు. ఓనోయ్‌లో బూలాంజే కుటుంబం, పారే-లె-మోనియాల్‌లో పాల్ షార్నోజ్ నమూనాలు గీసిన కార్ఖానా అందులో పేరుమోసినవి. అక్కడి సామాన్యుడి ఇంటికి చేరింది మాత్రం మరో రకం.

కాల్చని టైల్

1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందాడు. ఆ శతాబ్దం నడిమికల్లా దక్షిణ ఫ్రాన్సులో, సున్నపురాయి దండిగా దొరికే రోన్ నది పరిసరాల్లో, రంగు సిమెంటును అచ్చులో పోసి ప్రెస్సు కింద నొక్కి టైల్ చేయడం నేర్చారు. 1867 పారిస్ ప్రదర్శనకు బార్సిలోనా నుంచి కూడా ఇలాంటి టైల్స్ వచ్చాయి. ఆవం అక్కరలేదు, కట్టెలు అక్కరలేదు. ఇసుక, సిమెంటు, రంగు పొడి, నీళ్లు ఉంటే చాలు. దీంతో ఈ పని ఫ్రెంచి, స్పానిష్ వలసల్లో, హవానా నుంచి హనోయ్ దాకా పాకిపోయింది.

మన దేశంలో ఈ విద్యకు రెండు చిరునామాలు చెప్పుకోవాలి. 1922లో బొంబాయిలో సిధ్వా కుటుంబం మొదలుపెట్టిన భారత్ ఫ్లోరింగ్స్ అందులో ఒకటి. విదేశీ టైల్స్‌కు దీటుగా స్వదేశీ టైల్ చేయాలన్నది వాళ్ల పట్టుదల. ఆ సంస్థ ఇప్పటికీ పాత నమూనాలు పోస్తోంది. రెండోది తమిళనాడు శివగంగ జిల్లాలో కారైక్కుడి దగ్గరి ఆత్తంగుడి. బర్మా, మలయా వ్యాపారాల్లో గడించిన నాట్టుకోట్టై చెట్టియార్లు తమ మేడలకు విదేశాల నుంచి టైల్స్ తెప్పించుకున్నారు, ఆ చూపుతోనే ఊళ్లోనే పోయించుకోవడమూ మొదలుపెట్టారు.

ఆత్తంగుడి పనితనం దగ్గర నుంచి చూడవలసిందే. పనివాడు ముందు నున్నటి గాజు పలక పరుస్తాడు. దాని మీద ఇనుప చట్రం, చట్రంలో రేకుతో చేసిన పువ్వు అచ్చు. అచ్చులోని ఒక్కో గదిలో ఒక్కో రంగు సిమెంటు ద్రవం గరిటెతో పోస్తాడు. అచ్చు పైకి లాగుతాడు, రంగులు పక్కపక్కనే కలవకుండా నిలుస్తాయి. వెంటనే పొడి సిమెంటు, ఇసుక చల్లుతాడు, అది తడిని పీల్చుకుంటుంది. ఆపైన తడి కాంక్రీటు వేసి తాపీతో సమం చేస్తాడు. ఆరాక కొన్ని రోజులు నీటి తొట్టిలో ఉంచుతారు, తర్వాత గాజు దానంతటదే విడిపోతుంది. గాజుకు తగిలిన ముఖానికి గాజు నునుపే వస్తుంది. పాలిష్ మిషను ముఖం చూడనక్కరలేదు. అరిచేతి మందాన ఉండే ఆ టైల్‌లో రంగు ఉన్నది పైనున్న కొద్ది మిల్లీమీటర్లలోనే. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే నేల సంరక్షణలో మిగతాదంతా సులువుగా బోధపడుతుంది.

పట్నమూ దాని ఇళ్లూ

ఫ్రెంచి కంపెనీ తరఫున 1674లో ఇక్కడ పాతుకున్నది ఫ్రాన్స్వా మార్టిన్. 1761లో ఇంగ్లీషు సేనలు పట్నాన్ని నేలమట్టం చేశాయి. 1765లో తిరిగి చేతికొచ్చాక ఫ్రెంచివాళ్లు పాత వీధుల గీతల మీదే మళ్లీ కట్టుకున్నారు. ఇప్పుడు చూస్తున్న ఇళ్లు చాలావరకు ఆ తర్వాతివే. అంతకు ముందు నాటివాటిలో మిగిలినదని చెప్పుకునేది ఆనందరంగ పిళ్లై మేడ. ఫ్రెంచి గవర్నరు దూప్లేకి దుబాసీగా, దినచర్య రాసినవాడిగా చరిత్రకు తెలిసిన ఆయన, తెలుగువాళ్లకు కస్తూరి రంగకవి ఛందోగ్రంథాన్ని అంకితం పుచ్చుకున్నవాడిగా కూడా తెలుసు. ఆ మేడ కింది అంతస్తు తమిళ పద్ధతి, పై అంతస్తు ఫ్రెంచి పద్ధతి. పుదుచ్చేరి ఇళ్ల స్వభావమంతా అందులోనే ఉంది.

పట్నాన్ని ఒక కాలువ రెండుగా చీలుస్తుంది. సముద్రం వైపు ఫ్రెంచి వాడ, ఎత్తు గోడలు, లోపల పెరడు, కమానుల వసారా. ఇవతల తమిళ వాడలో వీధి మీదికి తిన్నై, అంటే మన అరుగు, లోపల మన మండువా లాంటి ముట్రం, చుట్టూ స్తంభాల వసారా. యానాం, కోనసీమ వైపు మండువా లోగిళ్లు ఎరిగినవాళ్లు ఈ ఇళ్లలో దారి తప్పరు. నేల విషయంలోనే తేడా. గోదావరి లోగిళ్లలో సున్నపు గచ్చు, ఎర్ర గచ్చు, నాపరాయి ఎక్కువ. ఇక్కడ ఎర్రటి కాల్చిన మట్టి పలకలతో పాటు, పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి హాలు, వసారాల్లో రంగు సిమెంటు టైల్స్ చేరాయి. మధ్యలో తివాచీ నమూనా, చుట్టూ అంచు పట్టీ, గోడ వారన ఒకే రంగు టైల్స్ వేయడం మర్యాద గల ఇంటి లక్షణం.

మేడ మీది నేల కింద ఇంకో లోకం ఉంటుంది. టేకు దూలాలు, వాటి మీద సున్నంతో నిలువుగా పేర్చిన సన్న ఇటుక, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు, ఆపైన టైల్. మద్రాస్ టెర్రస్ అని మేస్త్రీలు పిలిచే పద్ధతి ఇది. అందులోని సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపేవారు. మేడ మీద బకెట్లతో నీళ్లు గుమ్మరించి కడిగితే ఆ తడి దూలాల దాకా దిగుతుంది. నేల మెరుస్తుంది, దూలం చివికిపోతుంది.

తెలుగు నేలతో నేరుగా ముడిపడిన ఒక నేల కూడా పుదుచ్చేరిలో ఉంది. శ్రీ అరవింద ఆశ్రమం వారి గోల్కొండ వసతి గృహాన్ని వాస్తుశిల్పులు ఆంటొనిన్ రేమండ్, జార్జ్ నకషిమా, ఫ్రాంటిషెక్ సామర్ 1930ల చివర్లో కట్టడం మొదలుపెట్టారు. నిజాం కొలువులోని సర్ అక్బర్ హైదరీ ద్వారా ఆ సంస్థానం నుంచి అందిన విరాళంతో మొదలైంది కనుక దానికి గోల్కొండ పేరు పెట్టారు. గదుల్లో పరిచింది నల్లటి కడప రాయి. ఎనభై ఏళ్లు దాటినా ఆ భవనం చెక్కుచెదరకపోవడానికి ఆశ్రమవాసుల రోజువారీ తుడుపే కారణమని చూసినవాళ్లంతా ఒప్పుకుంటారు. అక్కడ మరమ్మతు అనేది ఏళ్లకోసారి వచ్చే పెద్ద పని కాదు, దినచర్యలో ఒక భాగం.

ఇక ప్రజల సొమ్ముతో జరిగిన పని సంగతి. 2002-2004 మధ్య యూరోపియన్ యూనియన్ ఆసియా అర్బ్స్ పథకం కింద, ఇటలీలోని ఉర్బీనో, ఫ్రాన్సులోని విల్నెవ్-సుర్-లో పట్నాల తోడ్పాటుతో, వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ ఆధ్వర్యంలో తమిళ వాడలోని వైశ్యాల్ వీధి ఇళ్ల ముఖాలు బాగుచేశారు. అరుగులు, స్తంభాల పందిళ్లు మళ్లీ తలెత్తాయి. 2008లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం కూడా వచ్చింది. అది మంచి పనే. అయితే ఆ సాయం వీధిలోంచి కనిపించే మేరకే. గుమ్మం దాటాక లోపలి నేల బాధ్యత ఇంటివారిదే. అందుకే పుదుచ్చేరిలో ముఖం నిలిచి కడుపు మారిపోయిన ఇళ్లు ఎన్నో. బయట కమానులు, లోపల మెరిసే కొత్త విట్రిఫైడ్ టైల్స్.

ఉప్పు, చెమ్మ

ఈ ఊళ్లో నేలకు మొదటి శత్రువు ఉప్పు. పాత ఇళ్ల పునాదుల్లో చెమ్మను ఆపే పొర ఉండదు. నేలలోని తడి సున్నం గుండా పైకి పాకుతుంది, తనతో కరిగిన ఉప్పులను తెస్తుంది. టైల్ ముఖం దగ్గర నీరు ఆవిరై ఉప్పు స్ఫటికాలుగా మిగులుతుంది. తెల్లటి పిండి రాలినట్టు కనిపించేది అదే. స్ఫటికం టైల్ పైన కడితే పర్వాలేదు, తుడిస్తే పోతుంది. టైల్ లోపలి రంధ్రాల్లో కట్టినప్పుడు ముఖం పొరలుగా లేచిపోతుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో ఇది ముదురుతుంది. 2024 నవంబరు చివర ఫెంగల్ తుపాను నాడు పుదుచ్చేరిలో ఒక్క రోజులో 46 సెంటీమీటర్ల పైచిలుకు వాన పడింది. పాత సున్నపు కట్టడానికి నీరు ఏం చేయగలదో ఊరంతా చూసింది మాత్రం 2014 నవంబరులో. 1870ల నాటి మేరీ భవనం, అంటే పాత మునిసిపల్ కార్యాలయం, వానల్లో నాని ఒక్కసారిగా కూలిపోయింది. ప్రపంచ బ్యాంకు సాయంతో అదే రూపంలో కట్టిన కొత్త మేరీకి 2021 ఫిబ్రవరిలో ప్రారంభోత్సవం జరిగింది.

నేలలో చెమ్మ ఉందా లేదా తేల్చుకోవడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. రెండడుగుల ప్లాస్టిక్ షీటు నేల మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో అంటించి ఒకటి రెండు రోజులు వదిలేయాలి. షీటు అడుగున నీటి బిందువులు పడితే చెమ్మ కింది నుంచి వస్తోందన్నమాట. అలాంటప్పుడు ముందు చూడవలసింది టైల్స్‌ను కాదు. పెరటి మురుగు కాలువ, గోడను ఆనుకున్న పూలకుండీలు, వాన గొట్టం విరిగిన మోచేయి, బయట వీధి ఎత్తు పెరిగి ఇంటి నేల పల్లంలో పడటం, వీటిని చూడాలి. కారణం అలాగే ఉంచి నేలను తోమితే వచ్చే ఏడు మళ్లీ తోమాలి.

ఏ నేలో తేల్చుకోవడం

శుభ్రం మొదలుపెట్టే ముందు కాల్చిన టైలా, సిమెంటు టైలా అన్నది తేలాలి. రెండింటికీ మందులు వేరు. గోడ వారన, బీరువా అడుగున, మెట్ల కింద ఎక్కడో ఒక విరిగిన అంచు దొరక్కపోదు. అక్కడ మూడు పొరలు కనిపిస్తే, పైన సన్నటి రంగు, మధ్యన నున్నటి బూడిద రంగు, అడుగున గరుకు ఇసుక, అది సిమెంటు టైల్. లోపలంతా ఒకే మట్టి, పైన సన్నగా వేరే రంగు మట్టి పొదిగి ఉంటే కాల్చినది. కొలత కూడా చెబుతుంది. సిమెంటు టైల్స్ ఎక్కువగా ఎనిమిది అంగుళాల చతురస్రాలు. చిన్న చిన్న త్రికోణాలు, అష్టకోణాలు కూడిన నేలైతే కాల్చిన టైల్ కావడానికే అవకాశం ఎక్కువ. ఊడిన టైల్ దొరికితే తిరగేసి చూడాలి. కార్ఖానాలు వెనకవైపు పేరో ఊరో ముద్ర వేసేవి, ఇంటి వయసు చెప్పే పత్రం అక్కడే దొరుకుతుంది.

తర్వాత చెక్క పిడితో ఒక్కో టైల్‌నూ తట్టి వినాలి. గట్టిగా మోగితే పట్టు బాగుంది. డొల్లగా మోగితే అడుగున సున్నం వదిలేసింది. డొల్ల టైల్స్ మీద సుద్దముక్కతో గుర్తు పెట్టుకోవాలి, వాటి దగ్గర నీళ్లు అసలు వాడకూడదు.

కడగడం

మొదటి పని పొడిగా. మెత్తటి చీపురుతో ఊడ్చి, సందుల్లోని ఇసుకను వాక్యూమ్‌తోనో మెత్తని బ్రష్షుతోనో తీసేయాలి. బీచ్ ఊరిలో ప్రతి చెప్పుతోనూ ఇసుక వస్తుంది, అది గరుకు కాగితంలా పని చేస్తుంది. ఉప్పు పిండి ఉన్నచోట తడిగుడ్డ వేస్తే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది కాబట్టి దాన్ని పొడి బ్రష్షుతోనే ఎత్తాలి.

ఆ తర్వాత ఎవరూ చూడని మూల రెండు టైల్స్ మీద పరీక్ష. గోరువెచ్చని నీళ్లలో ఆమ్లం గానీ క్షారం గానీ లేని తేలికపాటి సబ్బు ద్రవం కొద్దిగా కలిపి, నైలాన్ బ్రష్షుతో గుండ్రంగా తోమి, మురికి నీటిని వెంటనే గుడ్డతో ఎత్తేయాలి. ఆరాక రంగు మారలేదంటే అదే పద్ధతిలో గజం గజం చొప్పున ముందుకు పోవచ్చు. రెండు బకెట్లు తప్పనిసరి, ఒకటి సబ్బుకు, ఒకటి మంచి నీళ్లకు. మాప్ పిండి పిండి వాడాలి. సముద్రం పక్క బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఆఖరి తుడుపు తాగే నీళ్లతో చేయడం మంచిది. లేకపోతే శుభ్రం పేరుతో మనమే ఉప్పు పోసినట్టవుతుంది.

యాసిడ్ గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. పెయింటర్లు, ప్లంబర్లు సిఫారసు చేసే బాత్రూం యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. సిమెంటులోని సున్నంతో అది కలిస్తే బుసబుస పొంగుతుంది. మురికి కరుగుతోందని చూసేవాళ్లు సంతోషిస్తారు, కరుగుతున్నది టైల్ ముఖం. గాజు నునుపు పోయి గరుకు తేలుతుంది, ఆ గరుకులో మురికి ముందటి కన్నా త్వరగా పడుతుంది, మళ్లీ యాసిడ్. ఆకుపచ్చ, ఎరుపు ఆక్సైడ్ రంగులు కొంత నిలిచినా అల్ట్రామెరైన్ నీలం ఆమ్లానికి తెల్లబోతుంది. కాల్చిన టైల్ ఆమ్లాన్ని తట్టుకోగలదు గానీ దాని సందుల్లోని సున్నం తట్టుకోదు. నిమ్మకాయ, చింతపండు, వెనిగర్ కూడా ఇదే కులం. ఇత్తడి బిందెకు చింతపండు మంచిదైతే నేలకూ మంచిదనుకోవడం పొరపాటు. కుంకుడు రసానికి కూడా కాస్త ఆమ్లగుణం ఉంది, సిమెంటు టైల్ మీద రోజూ వాడదగ్గది కాదు. ఇక యాసిడ్‌నూ బ్లీచింగ్‌నూ కలపడం నేలకే కాదు, మనిషికీ ప్రమాదం. క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపులు మూసిన గదిలో ప్రాణం మీదికి వస్తుంది.

పాత మైనపు పొరలు పేరుకుని నేల నల్లబడితే చాకలి సోడా నీళ్లు దాన్ని వదిలిస్తాయి, కాల్చిన టైల్ మీద మాత్రమే, చెమ్మ లేని గదిలో మాత్రమే. సోడా కూడా ఒక లవణమే కనుక బాగా తుడిచి తీయాలి. సిమెంటు టైల్ మీది మైనాన్ని టర్పెంటైన్ తడిపిన గుడ్డతో, కిటికీలన్నీ తెరిచి, కొంచెం కొంచెంగా తీయడం మేలు.

మరకల్లో ఒక్కోదానికీ ఒక్కో కథ. సున్నం గోడలకు వేసిన పెయింటు చుక్కలను తడిగుడ్డ కాసేపు కప్పి ఉంచి, ప్లాస్టిక్ గరిటె అంచుతో లేపాలి. ఇనుప బ్లేడు గీతలు పడేస్తుంది. పండుగలకు గుమ్మంలో వేసే ఎనామెల్ పెయింటు ముగ్గులు ఈ నేలలకు పెద్ద బెడద. పిండి ముగ్గు సాయంత్రానికి పోతుంది, పెయింటు ముగ్గు ఏళ్ల తరబడి ఉంటుంది. దీపం నూనె మరకకు సుద్దపొడిని టర్పెంటైన్‌తో ముద్దచేసి అర అంగుళం మందాన పట్టించి, పైన ప్లాస్టిక్ కప్పి ఒక రోజు ఉంచి, కప్పు తీసి ఆరనివ్వాలి. ఆరేటప్పుడు ముద్ద నూనెను పైకి లాగుతుంది. ఒక్కసారికి పోకపోతే మళ్లీ.

పసుపు మరక సంగతి తెలుగు ఇళ్లలో అందరికీ సగం తెలిసిందే. పసుపులో సున్నం కలిస్తే పారాణి ఎర్రబడుతుంది కదా, సిమెంటు టైల్ మీద పడ్డ పసుపు కూడా అదే కారణంగా ఎర్రటి మచ్చవుతుంది. కంగారుపడి సోడాతో తోమితే ఇంకా ఎర్రబడుతుంది. తేలికపాటి సబ్బుతో తుడిచి ఎండ పడేలా వదిలేస్తే చాలు, పసుపు రంగుకు ఎండ పడదు. బీరువా కాళ్ల తుప్పు మరకలకు మాత్రం ఇంట్లో మంచి మందు లేదు. తుప్పు వదిలించే ద్రావణాలు చాలావరకు ఆమ్లాలే. కాళ్ల కింద రబ్బరు గిన్నెలు పెట్టడం ఒక్కటే తోవ.

పాలిష్ మిషను అడుగుపెట్టాల్సిన చోటు ఇది కాదు. మొజాయిక్ నేలకు ఆ మిషను సరిపోతుంది, దాని రంగు రాళ్లు లోతుగా ఉంటాయి. కొద్ది మిల్లీమీటర్ల రంగు పొరను ఎగుడుదిగుళ్లు సరిచేయడానికి గీకితే నేల సమంగా వస్తుంది, పువ్వులు పోతాయి. పైగా ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు చేటు.

ఊడినవి, విరిగినవి

డొల్ల టైల్‌ను లేపడానికి ముందు చుట్టూ సందులోని సున్నాన్ని సన్న ఉలితో గీకి తీయాలి. అంచు విడిచాక పలుచటి పట్టీ దూర్చి నెమ్మదిగా లేపాలి. పక్క టైల్‌ను ఆనుకుని ఎత్తితే రెండూ విరుగుతాయి. తీసిన ప్రతి టైల్ వెనకా నంబరు వేసి, నేల ఫొటో మీద కూడా అదే నంబరు రాసుకోవాలి. తివాచీ నమూనాలో నాలుగు టైల్స్ కలిస్తేనే ఒక పువ్వు, ఒకటి తిరగబడినా కంటికి గుచ్చుకుంటుంది.

వెనక అంటిన పాత సున్నం సులువుగానే రాలుతుంది. మళ్లీ పరిచేటప్పుడు మేస్త్రీ గట్టి సిమెంటు ముద్ద కలుపుతానంటాడు, ఒప్పుకోకూడదు. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక, కొంచెం ఇటుక పొడి చాలు. సున్నం చెమ్మను పైకి పోనిస్తుంది, ఇల్లు కొద్దిగా కదిలినా తాను సర్దుకుంటుంది, రేపు మళ్లీ తీయాల్సి వస్తే టైల్‌ను వదిలిపెడుతుంది. సిమెంటు గానీ టైల్ గమ్ము గానీ ఈ మూడూ చెయ్యవు. పరిచే ముందు టైల్‌ను నీళ్లలో నాననివ్వాలి, లేకపోతే అది సున్నంలోని నీటినంతా పీల్చేస్తుంది. రబ్బరు సుత్తితో తట్టి కూర్చోబెట్టి, కొన్ని రోజులు ఆ వైపు నడవనివ్వకూడదు. సందులు నింపేటప్పుడు నల్ల సిమెంటు మొహానికి అంటితే సిమెంటు టైల్ మచ్చపడుతుంది, కాబట్టి లేత రంగు మిశ్రమాన్ని ఎప్పటికప్పుడు తుడుస్తూ పోవాలి.

విరిగిన టైల్స్‌కు బదులు దొరకడం పూర్వంకన్నా ఇప్పుడే నయం. ఆత్తంగుడిలో నమూనా ఇస్తే అచ్చు చేసి పోసి ఇస్తారు. కొత్త రంగు పాత రంగు పక్కన కొన్నాళ్లు ఎబ్బెట్టుగా ఉంటుంది గానీ వాడకంలో కలిసిపోతుంది. కూల్చిన మేడల నుంచి తీసిన పాత టైల్స్ కారైక్కుడి పాత సామాన్ల బజారులో దొరుకుతాయి. కాల్చిన జ్యామితీయ టైల్స్ ఫ్రాన్సులో 1894లో మొదలైన వింకెల్‌మాన్స్, ఇంగ్లండులో జాక్‌ఫీల్డ్ కార్ఖానా ఇప్పటికీ చేస్తున్నాయి. వెస్ట్‌మినిస్టర్ ప్యాలెస్ నేలల్లో అరిగిన మింటన్ టైల్స్ స్థానంలో వేసినవి జాక్‌ఫీల్డ్ వారివే. చెల్లా చెదురుగా నాలుగు టైల్స్ మాత్రమే పోయిన ఇంట్లో ఇంకో ఉపాయముంది. బీరువా కింద, తలుపు వెనక ఉన్నవాటిని తీసి కనిపించే చోట వేసి, ఆ మూలల్లో ఒకే రంగు కొత్త టైల్స్ వేయవచ్చు.

నూనె, మైనం, వార్నిష్

శుభ్రమయ్యాక మెరుపు కావాలనిపించడం సహజం. చెట్టినాడు ఇళ్లలో దీనికి కొబ్బరి నూనె వాడతారు, కొన్ని చుక్కలు నీళ్లలో వేసి తుడవడమో, పాత నూలుగుడ్డకు పలుచగా అద్ది రుద్దడమో. తరచూ ఇలా చేసిన ఆత్తంగుడి నేలకు వయసు పెరిగే కొద్దీ మెరుపు పెరుగుతుంది. నూనె చేయి దాటితే మాత్రం జారుడు, జిడ్డు, దుమ్ము. కాల్చిన టైల్‌కు ఏమీ పూయకపోయినా లోటు లేదు.

పైన పొరగా గట్టిపడే పాలియురెథేన్, ఎపాక్సీ వార్నిష్‌లు పుదుచ్చేరి లాంటి చెమ్మ ఊరికి పనికిరావు. కింది నుంచి వచ్చే తడికి దారి మూసుకుపోతుంది, పొర తెల్లబడి బుడగలు కడుతుంది, దాన్ని ఒలిచేటప్పుడు టైల్ ముఖం కూడా వెంట వస్తుంది. సీలరు తప్పదనుకుంటే టైల్ లోపలికి ఇంకి, ఆవిరిని పోనిచ్చే రకమే ఎంచుకోవాలి. అది కూడా ఫిబ్రవరి తర్వాత, నేల బాగా ఆరిన నెలల్లో. నవంబరులో సీల్ చేయిస్తే చెమ్మను లోపల పెట్టి తాళం వేసినట్టే.

ఇల్లు అమ్మడమో, పడగొట్టి అపార్ట్‌మెంటుకు ఇవ్వడమో తప్పనిసరైన వాళ్లకు ఒక విన్నపం. బుల్‌డోజర్ రాకముందే నేలను పైనుంచి ఫొటో తీయించండి, ఒక టైల్ పొడవు వెడల్పు మందం కొలిచి రాసి పెట్టండి, ప్రతి నమూనాలోనూ పదేసి టైల్స్ సున్నంతో సహా విప్పించి పక్కన పెట్టండి. అచ్చు పోయడానికి ఆత్తంగుడి పనివాడికి అవి చాలు.